ముప్ఫై రెండు పళ్ల ముచ్చట్లు

మన ఒంట్లో అన్నిటికన్నా గట్టిది ఎముక అనుకుంటాం. కాదు, పంటిమీది ఎనామిల్. బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే కాబట్టి దానికా గట్టితనం. అయితే అందులో బతికున్న కణం ఒక్కటీ ఉండదు. ఎనామిల్‌ను తయారుచేసిన కణాలు, పన్ను చిగురు దాటి బయటికొచ్చేసరికే పని ముగించుకుని వెళ్లిపోతాయి. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మానుతుంది, ఊడిన గోరు మళ్లీ వస్తుంది. గుంత పడ్డ ఎనామిల్ మాత్రం ఎన్నేళ్లు ఆగినా పూడదు.

ఒక ఊరట ఉంది. పన్ను ఒక్క రోజులో పుచ్చిపోదు. మొదట సుద్ద రాసినట్టు తెల్లటి మచ్చ కనబడుతుంది. ఎనామిల్‌లోంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగిపోతున్నాయనడానికి అది గుర్తు. పైపొర చెదరనంతకాలం లాలాజలంలోని ఖనిజాలు, పేస్టులోని ఫ్లోరైడ్ కలిసి ఆ నష్టాన్ని చాలావరకు భర్తీ చేయగలవు. ఈ దశలో నొప్పి ఉండదు. నొప్పి తెలిసేటప్పటికి పుచ్చు లోపలి డెంటిన్‌లోకో, నరం దాకానో పోయి ఉంటుంది. "నొప్పి లేదుగా, తర్వాత చూద్దాం" అనే మాటవల్ల పోయినన్ని పళ్లు మరి దేనివల్లా పోలేదని నా నమ్మకం.

ఆరో ఏట చడీచప్పుడు లేకుండా

పాలపళ్లు ఇరవై. అవి ఒక్కొక్కటే ఊడుతుంటే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. ఊడిన పన్నును పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసరడం మన ఊళ్లలో చాలామందికి గుర్తుండే ముచ్చటే. కానీ శాశ్వతంగా ఉండే మొదటి దవడ పన్ను ఇలా రాదు. ఆరేళ్ల వయసుకి, ఏ పాలపన్నూ ఊడకుండానే, అన్నిటికంటే వెనక ఖాళీలో మొలుస్తుంది. తల్లిదండ్రులు దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. పుచ్చితే "ఎలాగూ ఊడి కొత్తది వస్తుందిలే" అంటారు. కొత్తది రాదు. శాశ్వత దంతాల్లో ఎక్కువగా పుచ్చేది కూడా ఇదే. దాని పైభాగంలో లోతైన గాళ్లుంటాయి, అన్నం మెతుకులు అందులో చిక్కుకుంటాయి, ఆరేళ్ల పిల్లల చేతికి బ్రష్షు అంత వెనక్కి అందదు. ఈ గాళ్లను పల్చటి పూతతో మూసే పద్ధతి ఉంది. సీలెంట్ అంటారు. మత్తు అక్కర్లేదు, సూది అక్కర్లేదు, డ్రిల్లింగ్ అక్కర్లేదు. పిల్లలకు ఆరేడేళ్లు వచ్చాక పళ్ల డాక్టర్ని దీని గురించి తప్పకుండా అడగండి.

పాలపళ్లనూ చులకన చేయకూడదు. కింద ఎదుగుతున్న పన్నుకు చోటు పట్టి ఉంచేది అవే. వేళకు ముందే పీకేస్తే పక్క పళ్లు ఆ చోట్లోకి ఒరుగుతాయి, తర్వాత వచ్చేది వంకరగా వస్తుంది.

పురుగు లేదు

పన్నులో పురుగు ఉందన్న నమ్మకం బాబిలోనియా మట్టిపలకల కాలం నాటిది. పారిస్‌లో పియర్ ఫోషార్ 1728లో అచ్చువేసిన దంతవైద్య గ్రంథంలో, తాను ఎన్ని పళ్లు పరీక్షించినా పురుగు కనబడలేదని తోసిపుచ్చాడు. అసలు కారణాన్ని బయటపెట్టింది డబ్ల్యూ.డి. మిల్లర్ అనే అమెరికన్. బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ ప్రయోగశాలలో పనిచేసిన ఆయన, నోట్లోని సూక్ష్మజీవులు పిండిపదార్థాలను, చక్కెరను తిని ఆమ్లం వదులుతాయని, ఆ ఆమ్లమే పన్నును కరిగిస్తుందని 1890లో రాశాడు. ఆ సూక్ష్మజీవుల్లో ముఖ్యమైన స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్‌ను 1924లో బ్రిటన్‌లో కిలియన్ క్లార్క్ గుర్తించాడు.

అయినా సంతల్లో, రోడ్డు పక్కన "పంటి పురుగు తీస్తాం" అని కూర్చునేవాళ్లు ఇంకా ఉన్నారు. పొగ పట్టో, ఆకు పసరు పోసో తెల్లటి పురుగులు చూపిస్తారు. అవి నోట్లోంచి వచ్చినవి కావు, చేతివాటంతో వచ్చినవి. పుచ్చు అలాగే ఉంటుంది, పైగా నోట్లో పెట్టిన ఆ పనిముట్లతో కొత్త జబ్బులూ రావచ్చు.

ఎంత తిన్నారన్నది కాదు

తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే పళ్లమీది పాచిలో ఆమ్లం పెరుగుతుంది. ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే పీహెచ్ 5.5కు దిగువకు పడితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్లీ మామూలు స్థితికి తేవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. 1940లలో రాబర్ట్ స్టీఫన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త గీసిన గ్రాఫులో ఈ దిగడం, ఎక్కడం స్పష్టంగా కనిపిస్తాయి. దంతవైద్య విద్యార్థులు ఇప్పటికీ దాన్ని చదువుతారు.

దీన్నిబట్టి లెక్క వేసుకోండి. సంక్రాంతికి భోజనంతోపాటు రెండు అరిసెలు తిన్నవాళ్ల పళ్లమీద ఆమ్లం దాడి ఒక్కసారే. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఐదుసార్లు చక్కెర టీ తాగి, మధ్యమధ్యలో బిస్కట్లు తినేవాళ్లకు రోజంతా దాడే. తిన్న చక్కెర మొత్తం ఇద్దరిదీ ఒకటే కావచ్చు, పళ్లకు మాత్రం ఒకటి కాదు.

ఇది రుజువైన తీరు బాధాకరమైనది. స్వీడన్‌లోని లుండ్ నగరంలో విపెహోమ్ అనే మానసిక వికలాంగుల ఆసుపత్రి ఉండేది. 1945 నుంచి పదేళ్లపాటు అక్కడి రోగులమీద ఆహార ప్రయోగాలు జరిగాయి. కొందరికి భోజనంతో చక్కెర ఇచ్చారు, కొందరికి పంటికి అంటుకునే టాఫీలు భోజనాల మధ్య రోజంతా ఇచ్చారు. టాఫీలు తిన్నవాళ్ల పళ్లు ఘోరంగా పాడయ్యాయి. వాళ్లెవరూ ఒప్పుకుని ఆ ప్రయోగంలోకి వచ్చినవాళ్లు కాదు, కాదనగలిగిన స్థితిలో ఉన్నవాళ్లూ కాదు. ఇవాళ ప్రతి పళ్ల డాక్టరూ చెప్పే "మధ్యమధ్యలో తీపి వద్దు" అన్న సలహా ఆ నిస్సహాయుల నోళ్లను పాడుచేసి తెచ్చింది. అందుకే ఆ సలహాను తేలిగ్గా తీసుకోబుద్ధి కాదు నాకు.

తియ్యగా ఉంటేనే చెరుపని కూడా కాదు. చిప్స్, బిస్కట్లు నోట్లో ముద్దయి దవడ పళ్ల సందుల్లో చాలాసేపు ఉండిపోతాయి. పిల్లల దగ్గు సిరప్పుల్లో చాలావాటిలో చక్కెర ఉంటుంది. రాత్రి మందు పట్టాక కాసిని నీళ్లు తాగించడం మంచిది.

పొద్దున కంటే రాత్రే

రోజుకు అరలీటరు నుంచి లీటరున్నర దాకా ఊరే లాలాజలం నిద్రలో దాదాపు ఆగిపోతుంది. ఆమ్లాన్ని కడిగి, ఖనిజాన్ని తిరిగిచ్చే కాపలా రాత్రంతా ఉండదన్నమాట. మన ఇళ్లలో పొద్దున్నే పళ్లు తోమనిదే కాఫీ ముట్టనివాళ్లు ఎందరో ఉన్నారు. రాత్రి తోమేవాళ్లు తక్కువ. రెండుపూటలా తోమాలి. ఏ కారణంచేతనైనా ఒక్కపూటే కుదిరేటట్టయితే అది పడుకునేముందు కావాలి. పసిపిల్లల నోట్లో పాలసీసా పెట్టి నిద్రపుచ్చే అలవాటు కూడా ఇందుకే ప్రమాదం. పై ముందుపళ్లు నాలుగూ రెండేళ్లకే గోధుమరంగుకు తిరిగి అరిగిపోవడం చాలామంది పసివాళ్లలో చూస్తుంటాం.

తోమాక ఉమ్మెయ్యండి, గ్లాసుల కొద్దీ నీళ్లు పోసి పుక్కిలించకండి. పేస్టులోని ఫ్లోరైడ్ కాసేపు పంటిమీద నిలిస్తేనే దానికి పనిచేసే వీలు. ప్రకటనల్లో బ్రష్షు పొడవునా అలలా పరిచినంత పేస్టు ఎవరికీ అక్కర్లేదు. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆరేళ్లలోపు వాళ్లకు బఠాణీగింజంత చాలు.

పచ్చిపులుసన్నం తినో, నిమ్మసోడా తాగో వెంటనే తోమకండి. ఆమ్లం తగిలి మెత్తబడ్డ ఎనామిల్ బ్రష్షు రాపిడికి అరిగిపోతుంది. నోరు నీళ్లతో కడుక్కుని అరగంట ఆగితే చాలు. ఉప్పు, నిమ్మరసం కలిపి రుద్దితే పళ్లు తెల్లబడతాయన్న చిట్కా ఈ లెక్కన ఎంత చేటో వేరే చెప్పనక్కర్లేదు. అసలు పన్ను కాస్త పసుపుగా ఉండటం జబ్బే కాదు. లోపలి డెంటిన్ రంగే అది.

వేప పుల్ల, కానుగ పుల్ల ఏమీ తీసిపోయినవి కావు. నమిలి కుచ్చులా చేసుకుని నిదానంగా తోమితే పాచి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పళ్లపుల్లల వాడకం అలవాటున్న చోట దాన్ని ప్రోత్సహించమనే చెప్పింది. పుల్లలో ఫ్లోరైడ్ లేకపోవడమొక్కటే కొరత. బొగ్గుపొడి, ఇటుకపొడి, పొయ్యిలో బూడిద మాత్రం వద్దు. తెల్లగా మెరిపిస్తున్నట్టే ఉండి ఎనామిల్‌ను అరగదీస్తాయి. పొగాకు కలిపిన పళ్లపొడులనూ పేస్టులనూ మన ప్రభుత్వం 1992లోనే నిషేధించింది.

కనిగిరి నీళ్లు, నల్లగొండ నీళ్లు

కొద్దిగా ఉంటే పన్నును కాపాడే ఫ్లోరైడే, తాగేనీటిలో మితిమీరితే పన్నునూ ఎముకనూ పాడుచేస్తుంది. ఈ కథ అమెరికాలో మొదలైంది. 1901లో కొలరాడో స్ప్రింగ్స్‌కు వచ్చిన ఫ్రెడరిక్ మెకే అనే పళ్ల డాక్టర్ అక్కడివాళ్ల పళ్లమీద గోధుమరంగు మచ్చలు చూసి కారణం కోసం ముప్ఫై ఏళ్లు వెతికాడు. 1931లో నీటి పరీక్షలో తేలింది, అది ఫ్లోరైడ్ అని. ఆ మచ్చల పళ్లు తక్కువగా పుచ్చుతున్నాయన్న గమనిక నుంచే ఫ్లోరైడ్ పేస్టుల దాకా దారిపడింది.

మనదేశంలో ఇలా ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌ను మొదట వైద్యపత్రికలకెక్కించింది 1937లో, నెల్లూరు జిల్లా నుంచే. అప్పటి నెల్లూరు జిల్లాలోని కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు 1970లో ఏర్పడ్డ ప్రకాశం జిల్లాలో కలిశాయి. ఆ వైపు ఫ్లోరైడ్ అనగానే ఇప్పటికీ కనిగిరే గుర్తొస్తుంది. ఇవతల నల్లగొండలో మర్రిగూడ, మునుగోడు పల్లెల్లో బోరునీళ్లు తాగి వంకర్లుపోయిన కాళ్లు, వంగిన నడుములు ఒక తరమంతా చూసింది. ఆ బాధలోంచే ఒక పరిష్కారానికి ఆ జిల్లా పేరు పడింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌లతో నీటిలోంచి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతిని రూపొందించి దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరుపెట్టింది. టాంజానియా, ఇథియోపియా వంటి తూర్పు ఆఫ్రికా దేశాల దాకా ఆ పేరు వెళ్లింది. అయినా నల్లగొండకు నిజంగా కావలసింది నదినీళ్లే. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు ఇళ్లకు చేరడం అక్కడి పిల్లల పళ్లకు ఏ మందుకన్నా మేలు.

పన్ను తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్లలోపు, మితిమీరిన ఫ్లోరైడ్ లోపలికి పోతేనే పంటిమీద మచ్చ పడుతుంది. పెద్దయ్యాక కొత్త మచ్చలు రావు. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చని, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఫర్వాలేదని మన జాతీయ ప్రమాణం.

భీమవరం నుంచి వచ్చిన మందు

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్నప్పుడు, ఆయన బృందంలోని బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను కనుగొన్నాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది అదే, లోకానికి తెలిసింది 1948లో. లెక్కలేనన్ని ప్రాణాలు నిలిపింది. సుబ్బారావు అదే ఏడాది కన్నుమూశారు. ఈ మందు ఎదుగుతున్న పంటిలో కాల్షియంతో అతుక్కుపోయి బూడిద, గోధుమ రంగుల చారలు మిగులుస్తుందని 1950ల చివర్లోగానీ తెలియలేదు. అందుకే ఎనిమిదేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు డాక్టర్ చెప్పకుండా టెట్రాసైక్లిన్ ఇవ్వరు. ఇంట్లో మిగిలిన మాత్రలు పిల్లలకు వేసే అలవాటున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

చిగురు నుంచి రక్తం వస్తే

బ్రష్షు తగిలి రక్తం వచ్చిందని చాలామంది ఆ చోట తోమడం మానేస్తారు. సరిగ్గా చేయకూడనిది అదే. పాచి పేరుకుని చిగురు వాచింది కాబట్టి రక్తం వస్తోంది. తోమడం మానితే పాచి ఇంకా పెరుగుతుంది. డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హారల్డ్ లో అనే ఆచార్యుడు దీన్ని తేలికైన ప్రయోగంతో నిరూపించాడు. ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్లు తోమడం ఆపమన్నాడు. పది రోజుల నుంచి మూడు వారాల లోపల అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టిన వారానికి అవి మామూలయ్యాయి. 1965లో అచ్చయిన పరిశోధన ఇది. ఇంత ధైర్యమిచ్చే ఫలితం వైద్యంలో ఎక్కువగా దొరకదు.

పాచి గట్టిపడి గార అయిపోయాక మాత్రం బ్రష్షుకు లొంగదు. అప్పుడు స్కేలింగ్ చేయించుకోవాలి. "స్కేలింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి" అంటారు. గార కింద ఎముక అప్పటికే కరిగిపోయి ఉంటుంది. గార పట్టి ఉన్నన్నాళ్లూ పన్ను కదలిక తెలియదు, తీశాక తెలుస్తుంది. వదులు చేసింది గారే.

షుగర్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది. చిగుళ్ల జబ్బు ముదిరితే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. గర్భిణులకు హార్మోన్ల మార్పువల్ల చిగుళ్లు త్వరగా వాస్తాయి. బిడ్డ తల్లి పళ్లలోంచి కాల్షియం లాక్కుంటుందన్న మాట మాత్రం నిజం కాదు.

పై పన్ను, కంటిచూపు

పై పన్ను పీకిస్తే చూపు పోతుందన్న భయంతో పుచ్చిన పన్నును ఏళ్లతరబడి నోట్లో ఉంచుకునేవాళ్లున్నారు. పళ్లకు వెళ్లే నరం వేరు, చూపునిచ్చే నరం వేరు. నిజానికి ప్రమాదం ఎదురువైపు ఉంది. పుచ్చి చీముపట్టిన పై పన్నును అలాగే వదిలేస్తే, అరుదుగానైనా ఆ ఇన్ఫెక్షన్ ముఖం మీదుగా కన్ను దాకా, అంతకన్నా పైకీ పాకుతుంది. దవడ వాచి, జ్వరంతో మింగడం కష్టమైతే ఇంట్లో ఆగకూడదు.

నొప్పికి లవంగం పనిచేయడం నిజమే. అందులోని యూజెనాల్ నరాన్ని మొద్దుబారుస్తుంది, దాన్నే జింక్ ఆక్సైడ్‌తో కలిపి పళ్ల డాక్టర్లు తాత్కాలిక సిమెంటుగా వాడతారు. డాక్టర్ దగ్గరికి వెళ్లేదాకా ఓర్చుకోవడానికి అది చాలు. ఆస్పిరిన్ బిళ్లను చిగురు పక్కన నొక్కిపెట్టుకుంటే నొప్పి తగ్గదు, అక్కడ కాలి పుండవుతుంది.

అడ్డపొగ

శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో ఆడవాళ్లు చుట్టను తిప్పి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు అడ్డపొగ. గాలికి చుట్ట ఆరదని, బూడిద రాలదని చెబుతారు. నిప్పు అంగిలికి అంత దగ్గరగా రోజూ కాలుతుంటే అంగిలి తెల్లగా మందమెక్కి, దానిమీద ఎర్రటి చుక్కలు లేస్తాయి. డెన్మార్క్ ఆచార్యుడు పిండ్‌బోర్గ్, బొంబాయి పరిశోధకులు కలిసి ఆంధ్ర పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించారు. మరెక్కడా అంతగా కనబడని గట్టి అంగిలి కాన్సర్‌కు అడ్డపొగతో ఉన్న సంబంధాన్ని ప్రపంచ వైద్యలోకం మన పల్లెల నుంచే నేర్చుకుంది. ఆ వైపు వయసుమీరిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఉన్నవాళ్లు ఒక్కసారి టార్చి వేసి వాళ్ల అంగిలి చూడండి.

పొగ లేని వక్క కూడా క్షేమం కాదు. పొగాకు కలవకపోయినా వక్క కాన్సర్ కారకమేనని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. గుట్కా, వక్కపొడి తినే కుర్రాళ్లకు బుగ్గల లోపల చర్మం బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే అనుమానించాలి. రెండు వారాలు దాటినా మానని ఏ పుండునైనా డాక్టర్‌కు చూపించాలి.

ఒక పన్ను, తొమ్మిది వేల ఏళ్లు

బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ సమాధుల్లో తొమ్మిది మంది పెద్దవాళ్ల పళ్లు పదకొండింటికి చెకుముకి రాతిమొనతో వేసిన రంధ్రాలు దొరికాయని 2006లో ప్రకటించారు. అవి 7,500 నుంచి 9,000 ఏళ్లనాటివి. పూసలకు బెజ్జాలు వేసే పనివాళ్ల నైపుణ్యమే ఇందులో పనికొచ్చి ఉంటుందని పరిశోధకుల ఊహ. రంధ్రాల అంచులు నున్నగా అరిగాయంటే, వాళ్లు ఆ తర్వాత కూడా బతికి ఆ పళ్లతోనే నమిలారన్నమాట.

శ్రీలంకలోని కాండీలో పూజలందుకునే బుద్ధుని దంతం కళింగ రాజధాని దంతపురం నుంచి వెళ్లిందని బౌద్ధ గాథ. రాకుమారి హేమమాల దాన్ని జుట్టుముడిలో దాచి సముద్రం దాటించిందట. ఆ దంతపురం శ్రీకాకుళం జిల్లా సరుబుజ్జిలి దగ్గరి దంతవరపుకోటేనని కొందరు చరిత్రకారుల వాదన, ఒడిశాలో ఉందని మరికొందరిది.

ఊడిన పన్ను మళ్లీ నాటొచ్చు

ఆటలోనో, బండి మీంచి పడో శాశ్వత పన్ను వేరుతో సహా ఊడివస్తే, దాన్ని పారేయకండి. నమిలే వైపు పట్టుకోండి, వేరును తాకొద్దు, రుద్దొద్దు, గుడ్డతో తుడవొద్దు. మట్టి అంటితే పాలతోనో, చల్లటి నీళ్లతోనో కొన్ని క్షణాలు కడిగి, వీలైతే అదే గుంటలో తిరిగి పెట్టి శుభ్రమైన గుడ్డను కొరికి పట్టుకోమనండి. పెట్టలేకపోతే పాలగ్లాసులో వేసి డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. మామూలు నీళ్లలో నానబెడితే వేరుమీది కణాలు పగిలి చచ్చిపోతాయి, పాలలో కొంతసేపు బతుకుతాయి. అరగంటలోపు చేరితే పన్ను నిలిచే అవకాశం ఎక్కువ, గంట దాటితే తగ్గిపోతుంది. ఊడింది పాలపన్నయితే మాత్రం తిరిగి పెట్టకూడదు, కింద ఎదుగుతున్న పంటిమొగ్గకు దెబ్బ తగులుతుంది.